గండిపేట నీరు

ఈ మధ్యాహ్నము హైదరాబాదు అబిడ్సులో బస్సుకొఱకు నిలిచియుండగా, ఎండకు వాడిన ఒక కూలితల్లి, కొంగుముడి విప్పి, చిల్లర లెక్కించి, బిడ్డ దాహము తీర్చుటకై ఇరువది రూపాయల నీళ్ళసీసా కొనుట చూచి మనసు కలుక్కుమన్నది.

1908 నాటి మూసీ వఱద పిమ్మట కట్టిన గండిపేట చెఱువు నీరు త్రాగినవాడు ఈ నగరమును విడువడని పెద్దలు గర్వముగా చెప్పుకొనెడివారే!

మఱి నేడు నల్లానీటిని నమ్మలేకపోవుట ఏల? నీటిని శుద్ధిచేసి, క్లోరిను కలిపి పంపినను, దినము విడిచి దినము వదలుచోట్ల, గొట్టములు ఖాళీగానున్న వేళ పీడనము తగ్గి, పగుళ్ళగుండ ప్రక్కనున్న మురుగు లోనికి చొచ్చును. దోషము చెఱువుది కాదు, పంపకముది.

వేసవి చలివేంద్రములు పుణ్యకార్యములే.
కాని కార్తికములో దప్పిక వేయదా?

ప్రతి బస్‌స్టాపులోను ఏడాది పొడవునా, తఱచుగా పరీక్షించిన మంచినీటి నల్లా ఉండవలెను.

మీ వీథిలో అట్టిది ఒక్కటైన నున్నచో, ఎచ్చటనో ఇచ్చట వ్రాయుడు.