మంచు దారిలో పాత కారు

2014 జనవరిలో ఒక ఆదివారం. చికాగోలో బంధువుల ఇంట అఖీఖా విందు ముగిసింది. జొహ్ర్ నమాజు చేసుకొని నేనూ, నా భార్యా, రెండున్నరేళ్ల మా పాపా కలమజూకు తిరుగు ప్రయాణమయ్యాము. కలమజూ మిషిగన్ రాష్ట్రంలో మేము అప్పట్లో నివసించిన పట్టణం. చికాగో నుండి ఐ-94 రహదారి మీద సుమారు రెండున్నర గంటల దూరం. కారెక్కగానే అలవాటు ప్రకారం ప్రయాణ దుఆ చదివాను. మా కారు 1993 నాటిది. అంటే దానికి అప్పటికే ఇరవై ఏళ్లు నిండాయి.

ఆ కారు నా చేతికెలా వచ్చిందో ముందుగా చెప్పాలి. ఉద్యోగం మీద అమెరికా చేరిన కొత్తలో కారు కొనడమంటే అప్పు తీసుకోవడమేనని సహోద్యోగులందరూ చెప్పారు. అప్పు అంటే వడ్డీ. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, నేటికీ లేదు. చేతిలో ఉన్న 1,900 డాలర్లు లెక్కపెట్టి ఇచ్చి ఆ కారు తెచ్చుకున్నాను. మసీదులో మిత్రులు మెచ్చుకున్నారు. వారిలో ఒకరు నన్ను పక్కకు పిలిచి, "భాయ్, ఇంత పాత బండి ఎందుకు? నా దగ్గర 6,000 డాలర్లున్నాయి, ఖర్జె హసనాగా తీసుకోండి, వీలున్నప్పుడు తీర్చండి" అన్నారు. నేను మర్యాదగా తిరస్కరించాను. ఇంటికి వచ్చాక నా భార్య, "తీసుకొని ఉండాల్సిందండీ, పాప కూడా ఉంది కదా" అంది. ఒకరి దగ్గర చేయి చాచడం నా వల్ల కాదన్నాను.

అదీగాక ఆ కారుపై నాకు గట్టి నమ్మకం ఉండేది. మా అబ్బా ఎప్పుడూ అనే మాట ఒకటుంది: పాతవాటిలో ఇనుముంది, కొత్తవాటిలో రేకుంది. తలుపు వేసినప్పుడు ధడాలున వచ్చే శబ్దం వింటే నాకూ అదే నిజమనిపించేది.

మిషిగన్ సరస్సు తూర్పు తీరంలో మంచు కురిసే తీరు వేరు. చలికాలంలో పడమటి నుండి వచ్చే శీతగాలి సరస్సు మీదుగా వీస్తుంది. నీరు గాలికన్నా వెచ్చగా ఉంటుంది గనుక ఆ గాలి తేమను పీల్చుకొని వచ్చి తీరంపై మంచుగా కుమ్మరిస్తుంది. అదైనా అంతటా ఒకేలా ఉండదు. సన్నని పట్టీలుగా పడుతుంది. ఒక మైలు మేర ఎండ కాస్తుంటే, మరుసటి మైలులో కారు ముందు భాగమే కనబడదు. బెంటన్ హార్బర్ దాటేవరకు మాకు ఎండే ఉంది. దాటాక కొద్దిసేపటికి తెల్లని తెర దించినట్లయింది.

వేగం తగ్గించాను. గంటకు 45 మైళ్లు, అంటే సుమారు 70 కిలోమీటర్లు. అది జాగ్రత్తే అనుకున్నాను. ఆ దారిలో ఆ రోజుకు అదీ ఎక్కువేనని తర్వాత తెలిసింది. ఎదుట ఏదో వాహనం ఎర్రదీపాలు అకస్మాత్తుగా వెలిగాయి. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకుపోయాయి. కారు మాత్రం ఆగలేదు. స్టీరింగ్ ఎటు తిప్పినా ప్రయోజనం లేకపోయింది. బండి మెల్లగా, చాలా మెల్లగా అన్నట్లు నాకు తోచింది, అడ్డం తిరగసాగింది. అల్లాహ్ నామం నోట పలికానో మనసులోనే తలచుకున్నానో గుర్తు లేదు. వెనుక వరుసలో వస్తున్న ఒక పికప్ ట్రక్కు మా కారు ముందు భాగాన్ని కుడివైపున ఢీకొన్నది.

ఆ శబ్దం తర్వాత ఒక నిశ్శబ్దం. కారు లోపల పొగలాంటిది, మాడిన వాసన. నిప్పంటుకున్నదనుకొని తలుపు తీయబోయాను. అది నా ముందున్న ఎయిర్ బ్యాగ్ విచ్చుకున్నప్పుడు లేచిన ధూళి అని ఆసుపత్రిలో చెప్పారు. ఊపిరి పీలిస్తే ఛాతీలో కత్తి దిగినట్లుంది. వెనుక నుండి పాప ఏడుపు వినబడింది. జీవితంలో అంత ఇంపైన శబ్దం నేను వినలేదు. తర్వాత నా భార్య గొంతు: "పాప బాగుంది. మీరు కదలకండి."

ఆమె వెనుక సీటులో ఉండటం ఆ రోజు ప్రత్యేకత. ఎప్పుడూ నా పక్కనే కూర్చునేది. ఆ మధ్యాహ్నం పాపకు జలుబు చేసి మారాం చేస్తుంటే, దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు వెనక్కి మారి, నా సీటు వెనుక, పాప పక్కన కూర్చుంది. ఇప్పుడు తల తిప్పి చూస్తే నా పక్క సీటు ఉండవలసిన చోట లేదు. డాష్ బోర్డు లోపలికి వచ్చి సీటును ఆనుకొని ఉంది. ఒక మనిషి మోకాళ్లు పట్టేంత చోటు కూడా అక్కడ మిగలలేదు.

ఒక లారీ డ్రైవరు ఆగి, మా ముగ్గురినీ తన క్యాబిన్‌లో ఎక్కించుకొని దుప్పట్లు కప్పాడు. ఎవరో ఏమిటో తెలియదు, పేరైనా అడగలేకపోయాను. అంబులెన్స్ వచ్చేవరకు మా పాపకు తన భోజనపు డబ్బాలోని బిస్కెట్లు తినిపించాడు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక.

నాకు మూడు పక్కటెముకలు విరిగాయి. నా భార్యకు మణికట్టు విరిగింది. పాపకు, అల్ హమ్దు లిల్లాహ్, భుజాల మీద బెల్టు ఒరుసుకున్న రెండు ఎర్రని చారలు తప్ప ఏమీ కాలేదు. ఆ రాత్రి తప్పిపోయిన అస్ర్‌నూ, మిగిలిన నమాజులనూ మంచం మీదనే సైగలతో చేసుకున్నాను.

పాప విషయంలో ఒక మాట. ఆ కారులో కొత్తదంటూ ఉన్నది ఆమె సీటు ఒక్కటే. వాడినది కొందామని నేనంటే నా భార్య ఒప్పుకోలేదు. పైగా, ప్రతిసారీ పాప దూది కోటు విప్పి, బెల్టులు బిగించి, ఆ కోటును పైన దుప్పటిలా కప్పేది. చలిలో ఇదేమి చాదస్తమని నేను విసుక్కునేవాణ్ణి. లావాటి కోటు మీద బెల్టు బిగిస్తే చూడటానికి బిగువుగానే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కోటులోని గాలంతా అణిగిపోయి, బెల్టు వదులై బిడ్డ జారిపోగలదు. ప్రసవమైన ఆసుపత్రిలో నర్సు చెప్పిన ఈ సంగతిని ఆమె పట్టుకుంది. నేను చెవిన వేసుకోలేదు.

పది రోజుల తర్వాత కాగితాలు తెచ్చుకోవడానికి కారు ఉంచిన యార్డుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన పాతికేళ్లుగా నుజ్జయిన కార్లు చూస్తున్నవాడు. నన్ను టైరు దగ్గరకు పిలిచి, దాని పక్క గోడ మీది నాలుగు అంకెలు చూపించాడు: 3205. అంటే 2005వ సంవత్సరం 32వ వారంలో తయారైనదన్నమాట. గాళ్లు లోతుగానే ఉన్నాయి, అందుకే నేనెప్పుడూ అనుమానించలేదు. కానీ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కుతుందట. అసలే మామూలు టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుకే అక్కడివారు చలికాలానికి వేరే టైర్లు వేస్తారు. ఎనిమిదేళ్ల నాటి టైర్లతో మంచు మీదికి వెళ్లడం, చెప్పులకు సబ్బు రాసుకొని మెట్లు దిగడం వంటిదన్నాడు ఆయన.

తర్వాత కారు అడుగు భాగం చూపించాడు. మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు రెండు దశాబ్దాలుగా ఆ ఉక్కును తింటూ వచ్చింది. వేలితో నొక్కితే అప్పడంలా పొడి రాలింది. మిషిగన్‌లో కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ చేయించాలన్న నియమం లేదు. నేను పైకి తళతళలాడే రంగును చూసి కొన్నాను.

ఇనుము, రేకు అన్న మాట ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, 2009లో అమెరికా హైవే భద్రతా బీమా సంస్థ జరిపిన ఒక పరీక్షను చూడమన్నాడు. ఇంటికి వచ్చి చూశాను. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును ఎదురెదురుగా ఢీకొట్టించారు. పాతది భారీ ఇనుప కారు. చూస్తుండగానే దాని లోపలి గది కాగితపు పెట్టెలా ముడుచుకుపోయింది. స్టీరింగ్ బొమ్మ మనిషి మీదికి దూసుకువచ్చింది. కొత్తదాని ముక్కు నలిగి ముద్దయింది. మనిషి కూర్చునే చోటు మాత్రం చెక్కుచెదరలేదు. రహస్యమంతా అక్కడే ఉంది. మామిడిపండ్ల బుట్టలో గడ్డి వేస్తాము. దెబ్బ తగిలితే గడ్డి నలగాలి, పండు నలగకూడదు. కారు ముందు భాగం ఆ గడ్డి వంటిది. అది నలుగుతూ దెబ్బ తీవ్రతను తాను మింగాలి. లోపలి గది మాత్రం బిగువుగా నిలవాలి. నలగని ఇనుము దెబ్బనంతా తెచ్చి మనిషికే అప్పగిస్తుంది.

ఆపై తెలుసుకున్నవి కొన్ని. అమెరికాలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్ బ్యాగులు 1998 మోడల్ కార్ల నుండి తప్పనిసరి అయ్యాయి. మా 1993 కారులో డ్రైవరుకు మాత్రమే ఉంది. ఆ రోజు నా భార్య పక్కన కూర్చొని ఉంటే ఆమె ముందు ఏమీ లేదు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా పట్టి వదిలే ఏబీఎస్ మా కారులో లేదు. అడ్డం తిరుగుతున్న బండిని, ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలోకి తెచ్చే స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ 2012 మోడళ్ల నుండి అక్కడ ప్రతి కారుకూ తప్పనిసరి. అంతకు ముందే చాలా కార్లలో వచ్చింది. మిత్రుడు ఇవ్వజూపిన సొమ్ము నా సొమ్ముతో కలిపితే అలాంటి కారు ఒకటి దొరికి ఉండేది. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూశాను. వేసి చాలాసేపు కూర్చున్నాను.

వడ్డీ నుండి తప్పుకోవడానికి పాత కారు కొన్నానని రెండేళ్లుగా నలుగురికీ చెబుతూ వచ్చాను. అది సగమే నిజం. వడ్డీ లేని దారి నా ఎదుటే తెరిచి ఉంది. ఆ దారిలో అడుగు పెట్టనివ్వనిది నా ధర్మనిష్ఠ కాదు, నా అహం. దానికి నేను దీన్ పేరు పెట్టుకున్నాను. ఆ అహం ధర నా పక్క సీటులో కూర్చునే మనిషి చెల్లించబోయింది. ఇది నా భార్యకు చెప్పాను. ఆమె నన్ను నిందించలేదు. "ఆ భాయ్‌కి ఫోను చేయండి" అంది, అంతే.

కర్నూలు నుండి అమ్మీ రోజూ ఫోను చేసి ఏడ్చేది. మా ముగ్గురి పేరా సదఖా ఇచ్చానంది. అబ్బా మాత్రం, "రాసిపెట్టి ఉంటే కొత్త కారులోనైనా జరుగుతుంది, లేకుంటే పాతదానిలోనూ జరగదు" అన్నారు. ఓదార్చడానికే అన్నారు. అయినా నేను ఆగలేక, చిన్నప్పుడు ఆయనే మాకు చెప్పిన వృత్తాంతం గుర్తు చేశాను. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు పయనమై, అక్కడ ప్లేగు వ్యాపించిందని దారిలో తెలిసి వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. తాను అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నానని ఆయన బదులిచ్చారు. ఫోనులో కాసేపు మాట లేదు. తర్వాత అబ్బా, "మన కారులో వెనుక బెల్టులు ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. మన వైపు చాలా కార్లలో మాదిరిగానే, అందమైన సీటు కవర్ల కింద వాటి బకిల్స్ కూరుకుపోయి ఉన్నాయి. తమ్ముడు ఆ సాయంత్రమే కవర్లు కోసి వాటిని పైకి తీశాడు. ఆ కారుకు ఎయిర్ బ్యాగులు లేవు. మన దేశంలో డ్రైవరు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019 జులై నుండి. అబ్బా ఇంకా ఆ కారునే నడుపుతున్నారు. దాన్ని ఊరి బయటికి తీసుకెళ్లనని మాత్రం మాటిచ్చారు.

రెండు నెలలు కారు లేకుండా గడిపాము. ఆ తర్వాత అదే మిత్రుని వద్ద ఖర్జె హసనా తీసుకున్నాను. ఆయన వద్దంటున్నా, ఖుర్ఆన్ ఆదేశించినట్లు పత్రం రాసి, సాక్షులుగా మసీదులోని ఇద్దరితో సంతకాలు పెట్టించాను. 2009 మోడల్ కారు కొన్నాము. కొనేముందు టైర్ల మీది అంకెలు చదివాను, కింద పడుకొని అడుగు చూశాను, కారు గుర్తింపు సంఖ్యతో రీకాల్ ఏమైనా మిగిలి ఉందేమో సరిచూశాను. అమ్మేవాడు విసుక్కున్నాడు. అప్పు 22 నెలల్లో తీరింది. ఈలోగా 2015 జనవరిలో అదే ఐ-94 మీద, కలమజూ సమీపంలో, మంచులో 190కి పైగా వాహనాలు ఒకదానినొకటి ఢీకొన్నాయి. ఆ రోజు నేను ఇంటి నుండి కదలలేదు. పనికి సెలవు పెట్టాను.

ప్రమాదం జరిగిన కారు నుండి మేము ఇంటికి తెచ్చుకున్న వస్తువు పాప సీటు ఒక్కటే. చూడటానికి దానికి గీత కూడా పడలేదు. అయినా అంత పెద్ద ప్రమాదం చూసిన సీటును మళ్లీ వాడకూడదు. లోపల కంటికి కనబడని పగుళ్లుంటాయి. బయట పారేస్తే అవసరంలో ఉన్న ఏ తల్లో తీసుకుపోవచ్చునని నా భార్యకు బెంగ పట్టుకుంది. కట్టు కట్టిన చేతితో సీటును అదిమిపట్టి, మరో చేత్తో కత్తెర తీసుకొని దాని బెల్టులన్నీ ఒక్కొక్కటిగా కోసింది. ఆ తర్వాతే నన్ను చెత్త బండి దగ్గరకు తీసుకువెళ్లనిచ్చింది.