యాకుత్‌పురా డ్యూటీ డైరీ

మార్చి 4, 2025
రంజాన్ మొదలయ్యాక ఓపీ పదకొండుకల్లా ఖాళీ. మధ్యాహ్నం తలుపులు కొడితే ఎవరూ తీయరు. ఇళ్లకు తిరిగే పని సాయంత్రం అసర్ నమాజు తర్వాతకి మార్చుకున్నాను.

పదేళ్ల పిల్ల, టైప్ వన్ షుగర్. ఈ ఏడాది రోజా కుషాయి, అంటే మొదటి రోజా వేడుక, చేయాలని నానీ పట్టు. కొత్త బట్టలు కుట్టించారు, పూల హారానికి కూడా చెప్పేశారు. జబ్బున్నవాళ్లకు రోజా మాఫీ అని నేను చెప్పనక్కర్లేదు, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. చిక్కు వేరే ఉంది. పిల్లకు షుగరని సొంత ఖాలాకు కూడా చెప్పలేదు, రేపు సంబంధాలు రావని భయం. రోజా ఎందుకు వద్దో చెప్పాలంటే జబ్బు సంగతి బయటపెట్టాలి. అందుకే పిల్ల ఇన్సులిన్ కూడా బాత్రూంలో గడియ పెట్టుకుని వేసుకుంటోంది. “లోపల షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే తలుపెవరు తీస్తారు?” అన్నాను. తల్లి మాట్లాడలేదు. నానీ లేచి, మనవణ్ని పిలిచి, స్క్రూడ్రైవర్ తెప్పించి ఆ గడియ ఊడదీయించింది. కుషాయి మాట మాత్రం తేలలేదు.

మార్చి 19
తలసీమియా బాబు. పెదాలు పాలిపోయాయి, రెండు మెట్లకే ఆయాసం. హిమోగ్లోబిన్ 7.2. తొమ్మిది దగ్గర ఉండగానే రక్తం ఎక్కించాల్సింది. పగలు అందరూ రోజాలో ఉంటారు, రక్తం ఇచ్చేవాళ్లు రాత్రి తరావీహ్ నమాజు అయ్యాకే దొరుకుతారు. శివరాంపల్లి తలసీమియా సొసైటీకి ఫోన్ చేసి రేపటికి చెప్పాను. ఈ పిల్లల తల్లిదండ్రులూ డాక్టర్లూ కలిసి 1998లో పెట్టుకున్న సంస్థ అది.

రక్తం ఎక్కించడంతో పని అయిపోదు. ఒక్కో సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఉంటుంది, దాన్ని బయటికి తోసే దారి ఒంట్లో లేదు. గుండెలో, లివర్‌లో పేరుకుంటుంది. అందుకే రోజూ డెఫెరాసిరాక్స్. చీటీలో ‘ఉదయం, ఖాళీ కడుపుతో’ అని ఉంది. ఈ నెల ఆ ఇంట్లో ఉదయం ఎక్కడుంది? సహరీకి లేచి తిని, ఫజర్ కాగానే ఇల్లంతా పడుకుంటుంది. డాక్టరునడిగి మందు అసర్ అజాన్‌కి మార్చాం. ఫోన్ అలారమైతే నొక్కి పారేస్తారు. మాత్ర నీళ్లలో కలిపితే గ్లాసు అడుగున సున్నంలా మిగులుతుంది. వాడు దాన్ని వదిలేస్తున్నాడు. మళ్లీ కాసిని నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగించాను. నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

ఏప్రిల్ 22
ఎండలు మండిపోతున్నాయి. ఫ్రిజ్ లేని ఇల్లొకటి. ఇన్సులిన్ పక్కింట్లో పెడితే వాళ్లు మంచి మనసుతో ఫ్రీజర్‌లో పెట్టారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించొచ్చు, పనిచేస్తుందని మాత్రం నమ్మలేం. పారేయించాను. కొత్తదానికి ఆ ఇంట్లోనే కుండల ఏర్పాటు చేశాం: పెద్ద కుండలో ఇసుక, అందులో చిన్న కుండ, ఇసుక రోజుకు రెండుసార్లు తడపడం. సీసా తడవకుండా డబ్బాలో.

మే 8
తలసీమియా దినం. బ్యానర్ వచ్చింది, కట్టడానికి తాడు రాలేదు.

జూన్ 12
బడులు తెరిచారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వెళ్లాలి. మంచి పథకమే. కానీ గౌలిపురాలో ఆరేళ్ల సెరెబ్రల్ పాల్సీ బాబు అంగన్‌వాడీకి పోలేదు, బడికీ పోడు. అందరికంటే ముందు చూడాల్సిన వాడే లెక్కలో లేడు.

నానమ్మ ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పప్పన్నం పెడుతోంది. ముద్ద ముద్దకీ దగ్గు. పోయిన చలికాలం నిమోనియా. “పుట్టినకాడికెళ్లి ఇట్లనే పెడుతున్న సిస్టరమ్మా. కూసోబెడితే మెడ నిల్వది.” ట్రంకు పెట్టె గోడ మూలకు జరిపి, ఆ సందులో దిండ్లు కుక్కి కూర్చోబెట్టాం. గడ్డం కాస్త కిందికి. చెంచా పైనుంచి కాదు, ఎదురుగా. గొంతు కదిలి మింగేదాకా రెండో చెంచా లేదు. అరగిన్నెకి ముప్పావుగంట పట్టింది. నానమ్మకు విసుగు, నాకూ విసుగే. దగ్గు ఒక్కసారే వచ్చింది.

“రోజూ గింతసేపు కూసుంటే పనెవరు జేస్తరు?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఏ పథకంలోనూ కనబడలేదు.

జులై 20
లాల్ దర్వాజా బోనాలు. ఫిట్స్ ఉన్న పిల్ల, రాత్రంతా నిద్ర లేదు, సందడిలో మందు మరిచారు. పోతరాజు వెనక జనంలో పడిపోయింది. కొందరు అమ్మవారు వచ్చిందన్నారు, ఒకాయన చేతిలో తాళంచెవులు పెట్టాడు. తల్లి ఎవరి మాటా వినలేదు. పక్కకు తిప్పింది, చున్నీ మడిచి తల కింద పెట్టింది, ఫోన్‌లో టైం చూసింది. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే కొట్టాల్సిన ముక్కు స్ప్రే సంచిలో ఉంది, దాని అవసరం పడలేదు. ఆ తల్లికి ఇదంతా బొమ్మతో రెండుసార్లు చేసి చూపించాను, అప్పుడు నవ్వింది.

సోమవారం సెలవు. వాళ్లింట్లో ఫిట్స్ సిరప్ అడుగంటింది. చీటీ చూసి కొత్త సీసా ఇవాళే ఇచ్చేశాను, రాత్రి డోసు మూతతో కొలిపించి మరీ.