చెన్నపట్నంలో రెండు రోజులు

నేడు తెలుగువారు చెన్నైకి వెళ్ళడానికి సాధారణంగా కారణాలు మూడు: వైద్యం, పట్టుచీరలు, పెళ్ళి సంబంధం. నగరాన్ని చూడడానికే వెళ్ళేవారు అరుదు. మన తాతల తరానికి చదువు, కోర్టు, కొలువు, పత్రిక, సినిమా అన్నీ అక్కడే ఉండేవి. బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది అక్కడే. అటువంటి నగరం రెండు మూడు తరాలు తిరిగేసరికి మనకు ఒక ఆస్పత్రి చిరునామాగా మిగలడం చరిత్ర చదువుకున్నవాడిగా నాకు వింతగానే తోస్తుంది.

మా కుటుంబానికి ఆ నగరంతో ఉన్నది కొలువు సంబంధం. మా తాతగారు ఉమ్మడి మద్రాసు రాష్ట్ర సచివాలయంలో గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తన దస్త్రాలతోపాటు కర్నూలుకు తరలివెళ్ళారు. అక్కడ భవనాలు చాలక కార్యాలయాలు గుడారాలలో నడిచాయి. 1956లో మళ్ళీ మూటాముల్లె సర్దుకొని హైదరాబాదు చేరారు. మద్రాసులో పుట్టిన మా నాన్నగారు ఆరవ ఏట ఆ ఊరు విడిచిపెట్టి మరి తిరిగి చూడలేదు. తాతగారు తీసుకువెళ్ళలేదు. ప్రభుత్వోద్యోగి కనుక ‘మద్రాసు మనదే’ అంటూ ఊరేగింపులలో ఆయన నడవలేదు. ఇంట్లో మాత్రం కడదాకా ఆ మాట అంటూనే ఉన్నారట. ఆ పట్టుదల కొంత నాన్నగారికీ సంక్రమించింది. డెబ్బై ఏడేళ్ళ వయసులో, ఒక మాఘమాసంలో, “ఒకసారి చూపించరా” అని ఆయనే అడిగారు. శుక్రవారం రాత్రి బెజవాడలో బండి ఎక్కాము. వెంట నా భార్య, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, అయిదో తరగతి అబ్బాయి.

శనివారం ఉదయం మొదట కోటకే వెళ్ళాము. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీవారికి ఈ తీరంలో ఇచ్చిన చోటు మీదనే సెయింట్ జార్జి కోట వెలిసింది. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదుగా చెన్నపట్నం అనే పేరు వచ్చింది. తొలినాళ్ళలో కంపెనీకి దుబాసీగా వ్యవహరించిన బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఇవన్నీ పిల్లలకు చెబుతూంటే నాన్నగారి ముఖంలో ఒక సంతృప్తి కనిపించింది. అయితే కోట చుట్టూ నగరాన్ని కట్టిన చేతులలో తమిళుల చేతులు తక్కువేమీ కావనీ, దాతపత్రం ఒక్కటే ఒక ఊరికి హక్కుపత్రం కాజాలదనీ కూడా చెప్పవలసి వచ్చింది. ఆయన మాట్లాడలేదు. సెలవు దినం కావడంతో సచివాలయం వైపు సందడి లేదు. 1680 నాటి సెయింట్ మేరీ చర్చినీ, కోట మ్యూజియాన్నీ పిల్లలు త్వరత్వరగా చూసి ముగించారు. నాన్నగారు మాత్రం దూరంగా నిలబడి, సచివాలయపు తెల్లని స్తంభాలను చూస్తూ, “మా నాన్న ఏ గదిలో కూర్చునేవారో!” అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఎగ్మూరు మ్యూజియం. 1851లో స్థాపితమైన ఈ ప్రదర్శనశాలకు ఎన్నో విభాగాలున్నా, తెలుగువాడి కాళ్ళు అమరావతి శిల్పాల దగ్గరే ఆగుతాయి. మేము ఇప్పుడు ఉంటున్న చోటి నుండి అమరావతి స్తూపం గంట ప్రయాణం. మా పిల్లలు బడివారితో కలిసి అక్కడికి వెళ్ళివచ్చారు. చూసినది చాలావరకు ఒక ఇటుకల వలయం. ఇప్పుడు ఆ వలయానికి ఒకప్పుడు తొడిగిన ఆభరణాలు ఎదురుగా ఉన్నాయి. “మన రాళ్ళు ఇక్కడెందుకున్నాయి నాన్నా?” అని అమ్మాయి అడిగింది.

జవాబు చిన్నది కాదు. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బ రాళ్ళ గనిగా మారింది. పలనాటి సున్నపురాతి పలకలు కొన్ని మెట్లుగా, మరికొన్ని కాల్చిన సున్నంగా మారిపోయాయి. మెకంజీ 1797 ప్రాంతంలో ఒకసారి చూసి, 1816లో మళ్ళీ వచ్చి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు తరలించాడు. ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి పడి ఉన్న తరువాత, వాటిలో నూటికి పైగా 1859లో ఓడనెక్కి లండను చేరాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవాటితో కలిసి మిగిలినవి ఇక్కడ ఉన్నాయి.

“మనవాళ్ళు పోగొట్టుకున్నదాన్ని వీళ్ళు దాచారు,” అన్నారు నాన్నగారు. కాస్త ఆగి, “దాచినంత మాత్రాన వాళ్ళదవుతుందా?” అన్నారు. లండనుకు వేయవలసిన ప్రశ్న మద్రాసుకు వేయడం న్యాయమేనా అని నేను, రెంటికీ తేడా ఏమిటని అమ్మాయి, కొంతసేపు వాదించుకున్నాము. శిల్పం తన నేలమీద ఉంటేనే దాని భాష పూర్తిగా అర్థమవుతుందని నా అభిప్రాయం. కాపాడిన చేతిని దొంగచేయి అనడం మాత్రం నాకు నచ్చదు.

ఈ వాదంతో నిమిత్తం లేకుండా అబ్బాయి ఒక గుండ్రని పలక ముందు నిలబడిపోయాడు. నలగిరి ఏనుగు కథ అది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషులను తొక్కుతోంది. జనం బెదిరి ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మేడ కిటికీలలో నుండి కొందరు తొంగిచూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. “రెండు ఏనుగులా, ఒకటేనా?” అని వాడి సందేహం. ఒకటేనని చెప్పగానే, ఆ రెండు క్షణాల మధ్య ఏం జరిగిందో పలకలో ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాడు. పదిహేను నిమిషాలు వాణ్ణి కదిలించలేకపోయాము. ఆ శిల్పి రెండు వేల ఏళ్ళ కిందట కోరుకున్న ప్రేక్షకుడు వీడేనేమో.

ఆదివారం ఉదయం మైలాపూరు. రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట, 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరశన ప్రారంభించి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. నాన్నగారు అక్కడ చెప్పులు విడిచి చాలాసేపు నిలుచున్నారు. లజ్ దగ్గర ఉన్న నాగేశ్వరరావు పార్కుకు మాత్రం ఆటో డ్రైవరు దారి అడగకుండానే తీసుకువెళ్ళాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మి ఆంధ్రపత్రిక నడిపారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక కుదిరిన శ్రీబాగ్ ఆయన ఇల్లే. నడకకు వచ్చిన పెద్దలు, ఊయలలూగే పిల్లలు, అందరూ ఆ పేరును రోజూ పలుకుతారు. ఆయన ఎవరో వారికి తెలియకపోవచ్చు. మన ఊళ్ళలో మాత్రం ఎందరికి తెలుసు?

తరువాత తిరువల్లిక్కేణి. నాన్నగారికి గుర్తున్నది పార్థసారథి కోవెల, దాని కోనేరు, ఆ పక్కనే ఒక సందు, సందులో నీలంరంగు తలుపు. మూడు సందులు తిరిగాము. నీలంరంగు తలుపు ఎక్కడా లేదు. ఆ చోటే అని ఆయన అనుకున్న దగ్గర నాలుగంతస్తుల భవనం లేచింది. తిరిగి వస్తూ కోవెల ముందు మల్లెపూలు అమ్మే ముసలమ్మ దగ్గర ఆగి, “ఎన్న విలై అమ్మా?” అన్నారు. ఆమె ఏదో చెప్పింది, ఈయన ఏదో అన్నారు, ఇద్దరూ నవ్వారు. ఇన్నేళ్ళలో ఆయన నోట తమిళం నేను విననే లేదు. వ్యాకరణం ఆరేళ్ళవాడిదే అయి ఉండాలి, ఆమె “వా రాజా” అన్నది.

ఈ కోవెల ఏనుగు చేతనే 1921లో సుబ్రహ్మణ్య భారతి గాయపడ్డారనీ, ఆ ఏడు సెప్టెంబరులో మరణించారనీ చెప్పగానే అబ్బాయి ఎగ్మూరు పలకను తలచుకొని, “ఇక్కడ బుద్ధుడు లేడు కదా!” అన్నాడు.

సాయంత్రం మెరీనా. 1968 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా నిలిపిన విగ్రహాల వరుసలో కాల్డ్వెల్ ఒకరు. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో ఆయన ప్రకటించినదే. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, ఈ నగరంలోనే ఎల్లిస్ ఆ బాంధవ్యాన్ని నిరూపించాడు. నిరూపించినది క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణపు పీఠికలో. తెలుగూ తమిళమూ అక్కచెల్లెళ్ళని మొదట అచ్చులో చెప్పిన చోట తరువాత ఆస్తి పంపకాల తగవు రావడం విచిత్రమే. ఒక ఇంటివారి మధ్యనే అటువంటి తగవు వస్తుంది గదా అన్నది నా భార్య. చరిత్ర ఎం.ఏ. నాదే గాని ఈ మాట నాకు తోచలేదు.

నాన్నగారు ఇసుకలో కూర్చొని కాగితం పొట్లంలోని సుండల్ తింటున్నారు. అమ్మాయి ఆయన పక్కన చేరింది.

“ఇల్లు కనిపించలేదని బాధగా ఉందా తాతయ్యా?”

“ఇల్లు ఎలాగూ అద్దెదేనమ్మా. కోనేరు ఉన్నచోటే ఉంది.”

2016లో సచివాలయం హైదరాబాదు నుండి వెలగపూడికి తరలినప్పుడు నేనూ తాతగారిలాగే దస్త్రాల వెంట వచ్చాను. అప్పటికి అమ్మాయికి అయిదేళ్ళు. ఆ సంగతి ఈ రెండు రోజులలో మాలో ఎవరమూ ఎత్తలేదు.

“నాన్నా, హైదరాబాదులో మన ఇంటి ఎదురుగా ఏముండేది?” అని అడిగింది.

కుట్టుమిషను దుకాణమన్నాను. కాదు, ఇస్త్రీ బండి అన్నది నా భార్య. ఆ బండి మీద వేపచెట్టు నీడ పడేదనీ, ఇస్త్రీ అతను తనను ‘బుజ్జీ’ అని పిలిచేవాడనీ అమ్మాయి అన్నది. ఆ పిలుపు మా ఇద్దరికీ జ్ఞాపకం లేదు. వేసవి సెలవులలో వెళ్ళి చూడాలని పిల్లలు తేదీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తానూ వస్తానని నాన్నగారు పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. బండికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది; ఆటో కోసం రోడ్డు వైపు నడిచాము.