మా బండి ముందు కాళ్లు

మాది కుడతిని. బళ్లారి నుంచి హొసపేటకు పోయే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. మా ఊరు ఎక్కడా అని ఎవరైనా అడిగితే "థర్మల్ ఉంది కదా, అదే" అంటాం. 1700 మెగావాట్ల బళ్లారి థర్మల్ పవర్ స్టేషన్ మా ఊరి పక్కనే. ఇంకా ముందుకు పోతే తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీ, సండూరు కొండల నుంచి ఇనుప రాయి మోసుకొచ్చే లారీలు. అందుకని మాకు దుమ్ము రెండు రకాలు, ఒకటి బూడిద రంగు, ఒకటి ఎరుపు. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా చూసి ఆ రోజు గాలి ఎటు వీచిందో మా అమ్మ చెప్పేస్తుంది. నిజానికి మా ఊరికి బూడిద కొత్తేం కాదు. వేల ఏళ్ల కిందట పశువులు కాసుకునే వాళ్లు పేడ కుప్పలు కాల్చగా మిగిలిన బూడిద దిబ్బ మా ఊరి దగ్గరే ఉంది. చరిత్ర పుస్తకాలు రాసేవాళ్లకు కుడతిని పేరు థర్మల్ వల్ల కాదు, ఆ దిబ్బ వల్లే తెలుసు.

ఈ దుమ్ములోనే మా నాయన రోజూ బండి మీద పనికి పోతాడు. బండి 2003 నాటి హీరో హోండా స్ప్లెండర్, నంబరు కె.ఎ.34తో మొదలవుతుంది. హీరో, హోండా విడిపోక ముందుది కాబట్టి ట్యాంకు మీద రెండు పేర్లూ ఉంటాయి. ఇంజనుకు ఇప్పటికీ పేరు పెట్టడానికి లేదు. జబ్బంతా ముందు కాళ్లకే.

ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు గొట్టాలను మేం షాకబ్జర్లు అంటాం. మెకానిక్ చాచా మాత్రం కాళ్లు అంటాడు. ఒక్కో కాలిలో రెండు భాగాలుంటాయి. పైన మెరిసే ఉక్కు పైపు, కింద అది జారే లావు గొట్టం. లోపల పొడుగాటి స్ప్రింగు, కొంచెం ఆయిలు. స్ప్రింగు ఎందుకో అందరికీ తెలుసు, గుంతలో పడినప్పుడు నొక్కుకుంటుంది. మరి ఆయిలెందుకు? స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఒక గుంతలో పడి పది సార్లు ఎగురుతుంది. పైపు లోపలికి దిగినప్పుడల్లా ఆయిలు చిన్న చిన్న రంధ్రాల గుండా దూరి పోవాలి. చిక్కటి ద్రవం సన్న దారిలో పోవాలంటే కష్టపడాలి కదా, ఆ కష్టంలోనే ఊపంతా వేడిగా మారి చల్లారిపోతుంది. సైన్సులో స్నిగ్ధత అని చదువుకున్నది ఇదే. ఇట్లా ఆయిలుతో ఊపును ఆపే ముందు ఫోర్కులను అమ్మకానికి పెట్టిన బండికి మొదట బిగించింది జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వాళ్లు, 1935లో. ఇప్పటి మామూలు బండ్లకూ అదే పద్ధతి.

ఆ ఆయిలును బయటికి రాకుండా ఆపేది ఒక రబ్బరు రింగు. ఆయిల్ సీలు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపలి అంచు పెదవిలా సన్నగా ఉంటుంది. ఆ పెదవిని పైపుకు అదిమి పట్టడానికి వెనక దారం లాంటి స్ప్రింగు ఒకటి. బండి నడిచినంత సేపూ పైపు ఆ పెదవికి రాసుకుంటూ కిందికీ పైకీ పోతుంది. ఆ పెదవి ఎక్కడ కొంచెం తెగినా ఆయిలు చెమటలా పైకి వస్తుంది. మా రోడ్ల మీద అయితే ఆ తడికి ఎర్ర దుమ్ము అంటుకుని పైపు చుట్టూ నల్లటి కాటుక గీత పడుతుంది. మీ ఇంట్లో బండి ఉంటే రేపు పొద్దున ఒకసారి వంగి చూడండి.

మా బండికి ఆ గీత ఎప్పటి నుంచో ఉంది. బయట ఒక షాపులో రెండు సార్లు సీళ్లు మార్పించారు. రెండు సార్లూ రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ కారింది. "పాత బండి, కారక ఏం చేస్తుంది" అని నాయన వదిలేశాడు. బండి ముందు వైపు కుంటుతున్నట్టు దబదబ కొట్టుకునేది. అదీ అలవాటైపోయింది.

వానాకాలంలో ఒక రాత్రి షిఫ్టు నుంచి వస్తుంటే ముందు పోయే లారీ ఉన్నట్టుండి ఆగింది. నాయన ముందు బ్రేకు పట్టాడు. లివరు హ్యాండిల్‌కు ఆనింది గానీ బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, రెండు కాళ్లూ రోడ్డుకు ఈడ్చి, లారీ పక్కకు తప్పించాడు. చెప్పు ఒకటి తెగింది. ఈ సంగతి వారం దాకా మాకు చెప్పలేదు. తెగిన చెప్పు చూసి అమ్మ అడిగితే అప్పుడు బయటపడింది. మరుసటి రోజు నుంచి అమ్మ చెల్లిని ఎత్తుకుని ఆ బండి ఎక్కనంది. సంతకు కూడా ఆటోలోనే పోయింది. ఆటో చార్జీలు లెక్క పెట్టాక నాయన బండిని చాచా దగ్గరికి తోసుకుపోయాడు. ఆదివారం కాబట్టి నేనూ వెంట పోయాను.

చాచా చక్రం విప్పి బ్రేకు ప్లేటు తెరిచి చూపించాడు. లైనర్లు రెండూ ఆయిలుతో మెరుస్తున్నాయి. కారిన ఆయిలు కాలి వెంట దిగి, ప్లేటు సందులోంచి డ్రమ్ములోకి పోయింది. "చూడప్పా, ఇది బ్రేకు కాదు, బజ్జీల బాణలి" అన్నాడు. నాయన నవ్వలేదు. ఆయిలు పీల్చిన లైనర్లను కడిగి వాడుకోవచ్చా అని అడిగాడు. కొత్తవి వేయాల్సిందే అన్నాడు చాచా. ఇన్నాళ్లూ నేను ఆయిలు కారితే ఖర్చు అనుకున్నాను గానీ, ఆ బాణలి చూశాక అమ్మ ఆటో ఎందుకు ఎక్కిందో అర్థమైంది.

తర్వాత పని నాకు బాగా నచ్చింది. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు భాగం గాలిలోకి లేపాడు. మడ్‌గార్డు విప్పాడు. కాలు ఇంకా బండికి ఉండగానే పై బోల్టునూ, అడుగున ఉండే అలెన్ బోల్టునూ కొంచెం వదులు చేశాడు. బయటికి తీశాక అడుగు బోల్టు తిప్పితే లోపలి రాడ్డు కూడా దాంతోనే తిరుగుతూ కూర్చుంటుందట. తర్వాత కాళ్లను ఒకటొకటిగా కిందికి లాగి డబ్బాలో వంచాడు. బ్రేకు ఉన్న వైపు కాలిలోంచి వచ్చిన ఆయిలు టీ గ్లాసులో సగం కూడా లేదు. పైగా బురద రంగు, వాసన చేపల కంటే ఘోరం.

పైపు లాగేశాక సీలు కింది గొట్టం మూతి దగ్గర ఉండిపోతుంది. దాని పైన తీగ లాక్ ఒకటి ఉంటుంది. అది తీసి, మూతి గీసుకోకుండా గుడ్డ అడ్డం పెట్టి, స్క్రూడ్రైవరుతో సీలును ఎత్తాడు. అప్పుడు నాయన "కొత్త సీళ్లు తెచ్చాను, వేసెయ్" అన్నాడు. చాచా వేయలేదు. పైపును కిరోసిన్‌తో తుడిచి నా చేతికిచ్చాడు.

"పాపా, గోరు పెట్టి పైనుంచి కిందికి గీసుకుంటా రా."

గీశాను. నున్నగా పోతూ పోతూ ఒక చోట గోరు టక్కుమని ఆగింది. ఆవగింజలో సగం ఉంటుంది ఆ గుంట. ఎప్పుడో రాయి తగిలి పై క్రోమియం పూత లేచిపోయింది, లోపలి ఉక్కు తుప్పు పట్టింది. తర్వాత దూది పెట్టి లాగితే అక్కడే పోగు తగులుకుంది. సీలు పెదవి రోజుకు ఎన్ని వేల సార్లు ఆ గుంట మీద నుంచి పోతుందో! ప్రతిసారీ అది రబ్బరును కొంచెం కొంచెం కోస్తుంది. రెండు సార్లు సీళ్లు మార్చిన వాళ్లు పైపు మీద గోరు పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది.

గుంట చిన్నదైతే సన్న వాటర్ పేపరు తడిపి, పైపు చుట్టూ అడ్డంగా రుద్దితే చాలు. నిలువుగా రుద్దకూడదు, నిలువు గీతల వెంట ఆయిలు ఎక్కి వచ్చేస్తుంది. కొంచెం లోతుగా ఉంటే అరాల్డైట్ నింపి ఆరాక సమం చేస్తారు. మాది ఆ రెంటికీ లొంగేది కాదు. కొత్త పైపు ధర విని నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. నెలాఖరు. "సీలు ఒక్కటే వేయమంటే వేస్తానప్పా, కానీ దీపావళికి మళ్లీ వస్తావు" అన్నాడు చాచా. చివరికి తుక్కు బండి నుంచి తీసిన పైపు ఒకటి లోపలి నుంచి తెచ్చాడు. దాన్ని కడప బండ మీద దొర్లించాడు. వంకర ఉంటే ఎగిరి ఎగిరి దొర్లుతుంది, తిన్నగా ఉంటే గలగలా ఒకే శబ్దం. మొదటిది ఎగిరింది. రెండోది గలగలా పోయింది. దాన్ని మళ్లీ నాకే ఇచ్చి గోరు పెట్టించాడు.

కొత్త సీలు వేసేటప్పుడు పైపు అంచుకు పాలిథిన్ కవరు చుట్టాడు, అంచు పదునుకు పెదవి తెగకుండా. సీలుకు ఆయిలు రాసి, స్ప్రింగు ఉన్న వైపు కిందికి పెట్టి, పాత సీలును దాని మీద పెట్టి, సరిపడే గొట్టంతో నాలుగు వైపులా సమంగా తట్టాడు. లాక్ గాడిలో కూర్చున్న చప్పుడు వినపడేదాకా తట్టాడు. ఆయిలును కొలత గ్లాసుతో రెండు కాళ్లలోనూ సమంగా పోశాడు. ఒక దాంట్లో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ అయితే రెండు కాళ్లూ ఒకే తీరుగా పని చేయవట. కొత్త లైనర్లు వేశాడు, డ్రమ్మును పెట్రోలు గుడ్డతో తుడిచాడు.

ఇక దుమ్ము. థర్మల్ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఎర్ర దుమ్ములో ఇనుప ఆక్సైడ్. ఈ పొడి పైపుకు అంటుకుని సీలు పెదవి కిందికి దూరుతుంది. అప్పుడు సీలు బాగున్నా సరే కారుతుంది. అందుకు చాచా ఒక ఉపాయం చెప్పాడు. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి సన్న పట్టీ కత్తిరించి, కొన కొక్కెంలా చేసి, డస్ట్ సీలు పైకెత్తి, ఆయిల్ సీలుకూ పైపుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పితే ఇరుక్కున్న మట్టి బయటికొస్తుంది. చాలా సార్లు సీలు మార్చే పనే ఉండదు. మా ఇంట్లో జేజి మోకాలి ఎక్స్‌రే ఉంది. దాంట్లో ఒక మూల ఇప్పుడు లేదు. జేజికి ఇంకా తెలీదు.

పాత బుల్లెట్లకు పైపులు బయటికి కనిపించవు, పైన రేకు తొడుగు ఉంటుంది. మా బండికి అది లేదు కాబట్టి నాయన రెండు రబ్బరు బూట్లు కొని తొడిగించాడు. బండి చూడడానికి కొంచెం ముసలిదైంది. వానలు పోయాయి, చలికాలం కూడా పోయింది. ఆదివారం బండి కడిగేటప్పుడు బూటు ఎత్తి చూసే పని నాది. నిన్నటికి కాటుక గీత లేదు. అమ్మ మళ్లీ సంతకు బండి మీదే పోతోంది, చెల్లిని మాత్రం ఇప్పటికీ మధ్యలో కూర్చోబెట్టి గట్టిగా పట్టుకుంటుంది.