కొండ మీది సరస్సు నుంచి ఒపెరా దాకా

ఒకటి రెండు రోజుల కోసం ఓస్లో వచ్చేవాళ్లందరి దారీ దాదాపు ఒకటే. సెంట్రల్ స్టేషన్‌లో దిగడం, ఎదురుగా ఉన్న ఒపెరా భవనం పైకప్పు ఎక్కడం, కార్ల్ యూహాన్ వీధి వెంట రాజభవనం దాకా నడవడం, వీలుంటే పడవెక్కి ఫియోర్డ్‌లో ఒక చుట్టు తిరిగి రావడం. అన్నీ చూడదగ్గవే. కానీ ఆ ఊరు ఎలా బతికిందో, ఎవరి రెక్కల కష్టంతో పెరిగిందో తెలియాలంటే ఇవి చాలవు. అందుకు ఆకెర్సెల్వా వెంట నడవాలి.

పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేని ఏరు అది. గోదావరినీ కృష్ణనూ చూసిన కళ్లకు నదిగానే ఆనదు, చాలాచోట్ల ఓ మోస్తరు వాగంత వెడల్పే. అయితే ఆ కాస్త దూరంలోనే 149 మీటర్లు కిందికి దిగుతుంది. దారిలో చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవై వరకు జలపాతాలు. ఆ దిగుడే ఏటి తలరాత రాసింది, ఓస్లో తలరాత కూడా రాసింది.

మా మేనకోడలు అక్కడ ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం పొద్దున్నే, "మావయ్యా, పైనుంచి మొదలుపెడదాం. నీళ్లతో పాటే దిగుదాం" అని ఉత్తరాన ఉన్న షెల్సోస్‌కు ట్రామ్ ఎక్కించింది. ట్రామ్‌కూ మెట్రోకూ బస్సుకూ అక్కడ ఒకే టికెట్. మెట్రో స్టేషన్లలో కూడా అడ్డగేట్లు ఉండవు. టికెట్ కొనుక్కునే ఎక్కుతారన్న నమ్మకం మీద నడుస్తుంది.

ట్రామ్ దిగి కొంచెం పైకి నడిస్తే మారిదాల్స్‌వాన్నెట్ సరస్సు. చుట్టూ స్ప్రూస్ అడవి, ఒడ్డున ఎర్రరంగు వేసిన చెక్క ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి. జూన్ ఎండలో నీళ్లు ఎంత పిలుస్తున్నా ఎవరూ దిగరు. ఈత నిషేధం. ఓస్లో తాగే నీళ్లలో సుమారు తొంభై శాతం ఈ సరస్సువే. ఒడ్డున ఊసెట్ దగ్గర కొండను తొలిచి, లోపల నీటిశుద్ధి కేంద్రం కట్టారు. బయటినుంచి చూస్తే అడవి తప్ప ఏమీ కనపడదు.

హైదరాబాదు ఎరిగినవాడికి ఇక్కడ మూసీ గుర్తుకు రాకుండా ఉండదు. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కూడా ఊరికి పైన ఉన్న మంచినీటి చెరువులే. వాటి కింద పారే ఏరు ఏమైందో మనకు తెలుసు. ఆకెర్సెల్వా కూడా వంద సంవత్సరాలకు పైగా మిల్లుల కుళ్లు మోసింది. 1980ల్లో నగరం మనసు పెట్టి ఏరు పొడవునా ఉద్యానం చేసింది, రెండు ఒడ్లా నడకదారి వేసింది. అయినా పని అయిపోలేదు. 2011 మార్చిలో ఆ శుద్ధి కేంద్రం నుంచే ఆరు వేల లీటర్ల క్లోరిన్ ద్రావణం ఏట్లోకి కారిపోయి, కింద సముద్రం దాకా చేపలన్నీ చచ్చిపోయాయి. మళ్లీ చేపపిల్లలను వదిలారు, సంవత్సరాల తరబడి కాచుకున్నారు. ఇప్పుడు సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ ఊరి నడిబొడ్డున ఉన్న నేద్రె ఫోస్ జలపాతం దాకా వస్తున్నాయి. ఒక రాజధాని నగరం మధ్యలో సాల్మన్ గుడ్లు పెడుతోందంటే అది ఆ ఊరివాళ్ల పట్టుదలకు దక్కిన ఫలితం. నది బాగుపడడం ఒక్కసారి రిబ్బను కత్తిరించి వెళ్లిపోయే పని కాదు.

సరస్సు గట్టు దిగగానే సాంకేతిక మ్యూజియం. పిల్లలతో వెళ్లేవాళ్లు దానికో పూట పెట్టుకోవాలి. ఆ దిగువన ఫ్రిషా. సరస్సులో దొరకని ఈత ఇక్కడ దొరుకుతుంది. ఏరు వెడల్పై నిలబడిన మడుగుల్లో వేసవిలో పిల్లలు రాళ్ల మీదినుంచి దూకుతుంటారు. అడవి మట్టిలోంచి వచ్చిన నీళ్లు కదా, పలచటి డికాషన్ రంగులో ఉంటాయి. మురికి మాత్రం కాదు.

తర్వాత నీదాలెన్. ఇక్కడినుంచి అసలు కథ. 1843 వరకు ఇంగ్లండు తన నేత యంత్రాలను బయటి దేశాలకు అమ్మనివ్వలేదు. ఆ కట్టడి తీసేసిన రెండేళ్లకల్లా ఈ ఏటి ఒడ్డున నూలు మిల్లులు లేచాయి. 1845లో నీదాలెన్ కంపెనీ, ఆ రోజుల్లోనే కాస్త దిగువన క్నూద్ గ్రో పెట్టిన మిల్లు, 1855లో యూలా నేత మిల్లు, మరుసటి సంవత్సరం ఓడల తెరచాప గుడ్డ నేసే సైల్‌దుక్ మిల్లు. మేకులు, ఇనుప సామాను చేసే కర్మాగారం 1853లో నీదాలెన్‌లోనే మొదలైంది. యంత్రాలూ వాటిని నడిపే తెలివీ మాంచెస్టర్ నుంచి వచ్చాయి, తిప్పే బలం ఈ జలపాతాలు ఇచ్చాయి. మన నేతగాళ్ల మగ్గాలను ఆపేసిన మాంచెస్టరే ఇక్కడ ఒక పల్లెసీమను మిల్లుల వాడగా మార్చిందన్నమాట. ఇప్పుడు నీదాలెన్‌లో ఒక పెద్ద బిజినెస్ స్కూలు, ఆఫీసులు, రెస్టారెంట్లు. పాత ఎర్ర ఇటుక గోడల పక్కనే కొత్త అద్దాల మేడలు, మధ్యలో నురగలు కక్కుతూ ఏరు. చదువుకునే పిల్లలు ఒడ్డున కూర్చుని డబ్బాల్లోంచి రొట్టె తింటున్నారు. బాగానే ఉంది కానీ నా మనసు అక్కడ నిలవలేదు. కొత్త హంగు మరీ ఎక్కువ.

బ్యోల్సెన్ దగ్గర పిండిమిల్లు గోడ వెంట దిగి, ఎడమచేతి వైపు జలపాతం హోరు వింటూ వస్తే బయర్ వంతెన. ఈ ప్రయాణం మొత్తంలో మనిషి కాసేపు నిలబడాల్సిన చోటు ఇదే. వంతెన మీద కంచుతో పోసిన మిల్లు అమ్మాయిలు ఉన్నారు. ఎల్లెన్ యాకబ్‌సెన్ అనే శిల్పి 1986లో చేసింది. ఎత్తైన పీఠం లేదు, చుట్టూ గొలుసులు లేవు. మనం నడిచే చెక్కల మీదే వాళ్లూ ఉన్నారు, మన ఎత్తే ఉన్నారు. మిల్లు విడిచాక ఇంటికి పోతున్నవాళ్లలా కనిపిస్తారు. వచ్చేపోయేవాళ్లు తాకీ తాకీ ఒకచోట కంచు మెరుగెక్కింది. రాజులకూ సేనానులకూ విగ్రహాలు పెట్టని రాజధాని ఉండదు. నూలు వడికిన ఆడపిల్లలకు, వాళ్లు రోజూ నడిచిన వంతెన మీదే విగ్రహం పెట్టిన రాజధాని ఇది. ఓస్లో మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పల్లెల నుంచి వచ్చిన పడుచు పిల్లలు. పసిపిల్లలు కూడా పనిచేశారు. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని చట్టం వచ్చింది 1892లో. అంటే తొలి మిల్లు తిరిగాక దాదాపు యాభై ఏళ్లకు. మగ్గాల చప్పుడుకు చెవులు పోయేవి, నూలు ధూళి గుండెల్లోకి పోయేది. ఈ వాడల్లోనే పెరిగిన ఒస్కార్ బ్రాటెన్ (1881–1939) వీళ్ల బతుకుల్నే కథలుగా, నాటకాలుగా రాశాడు. 1911లో వచ్చిన ఆయన నాటకం 'ఉంగెన్'లో హోన్సె లోవీసా అని ఒక పాత్ర ఉంది. పెళ్లి కాకుండా తల్లులైన మిల్లు అమ్మాయిల బిడ్డలను, వాళ్లు పనికి పోయినప్పుడు చూసుకునే ఆవిడ. వంతెన పక్కన జలపాతాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఎర్ర చెక్క ఇంటికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. లోపల కాఫీ హోటలు. నాటకంలో పాత్రకు ఊళ్లో ఒక ఇల్లు దక్కిందంటే ఆ రచయితను జనం ఎంతగా తమవాడనుకున్నారో తెలుస్తుంది.

అక్కడ వాఫుల్ తినకుండా రాకూడదు. పువ్వు రేకుల్లా విడివడే మెత్తటి అట్టు, మీద స్ట్రాబెర్రీ జాం, పలచగా చెక్కిన గోధుమరంగు చీజు. "చీజు అనుకుని తినకు మావయ్యా, స్వీటు అనుకుని తిను" అంది మేనకోడలు. నిజమే, పాలవిరుగుడు నీళ్లను గంటల తరబడి మరగబెట్టి చేస్తారు దాన్ని. నోట్లో పెట్టుకుంటే అడుగంటీ అంటని కోవాలా ఉంది, చివర్లో కాస్త ఉప్పన. బయట బల్ల దగ్గర కూర్చుంటే జలపాతం తుంపర చేతుల మీద పడుతుంది.

ఈ ఏరు చాలాకాలం ఊరిని రెండుగా కోసింది. తూర్పు ఒడ్డున కూలి బతుకులు, పడమర వైపు కలిగినవాళ్ల ఇళ్లు. ఓస్లోలో ఇప్పటికీ మనిషి తూర్పువాడా పడమరవాడా అని అడుగుతారు. ఇళ్ల ధరలు పెరిగి తూర్పు ఒడ్డునా డబ్బున్నవాళ్లు చేరారు కాబట్టి ఏటి పక్కన గీత కొంత చెరిగింది. చెరిగింది తప్ప పోలేదు. మిల్లు కార్మికులు ఉన్న రెండు గదుల ఇళ్లను ఇవాళ మిల్లు కార్మికుడి జీతంతో ఎవరూ కొనలేరు. ఒడ్డంతా ఇంత అందంగా ఉన్నప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

దిగువకు వస్తే సైల్‌దుక్ మిల్లు. కోటలాంటి ఇటుక కట్టడం. తెరచాపలు నేసిన ఆ హాళ్లలో ఇప్పుడు జాతీయ కళల అకాడమీ నడుస్తోంది. ఆ కింద ఒక వేలాడే వంతెన. 1852లో మరో ఊళ్లో, మరో నది మీద కట్టినదాన్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించారు. వంద మందిని మోస్తాను కానీ కవాతు చేస్తూ పోతే తాళలేను అని వంతెనే చెబుతున్నట్టు పైన రాసి ఉంటుంది. సైనికులు ఒకే అడుగు వేసుకుంటూ నడిస్తే వేలాడే వంతెనలు ఊగి తెగిపోతాయన్న భయం ఆ కాలంలో ఉండేది. నలుగురు పిల్లలు పరుగెత్తితే ఇప్పటికీ కాళ్ల కింద కదులుతుంది.

దాని కిందే నేద్రె ఫోస్. పక్కనున్న ధాన్యం సైలోను 2001లో విద్యార్థుల హాస్టలుగా మార్చారు. గాదెలు గుండ్రం కాబట్టి గదులూ గుండ్రమే. ఎదుటి ఒడ్డున ఒకప్పటి ఇనుప పోత కర్మాగారం స్థలంలో 2012 నుంచి మాట్‌హాలెన్ అనే తిండి బజారు. ఇనుము కరిగిన చోట చేపలు, మాంసం, చీజు అమ్ముతున్నారు. ఆ కింద ఇంగెన్స్ గాతె సందు, గోడల నిండా బొమ్మలు, తలపైన వేలాడే షాండ్లియర్, ఆదివారాలు చేతిపని సరుకుల సంత. నాకు మాత్రం వీటన్నిటికంటే తూర్పు గట్టు ఎక్కాక వచ్చే గ్రూనెర్‌లోక్కా వీధులు ముఖ్యం. చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1875లో, ఆయన కుటుంబం ఈ పేటకు వచ్చింది. ఇల్లు మారుతూ మారుతూ ఇక్కడే బతికారు. తల్లి అప్పటికే క్షయతో పోయింది. 1877లో పదిహేనేళ్ల అక్క సోఫీని అదే జబ్బు తీసుకుపోయింది. ఆ చావును ఆయన 'జబ్బు పిల్ల' చిత్రంగా 1885–86లో గీశాడు, తర్వాత నలభై ఏళ్ల దాకా మళ్లీ మళ్లీ గీస్తూనే ఉన్నాడు. కిక్కిరిసిన అద్దె ఇళ్లు, చలి, క్షయ. మిల్లుల ఊరు అంటే అదీ.

ఆంకర్ వంతెన నాలుగు కొసల మీద దీరె వో అనే శిల్పి చేసిన జానపద కథల బొమ్మలు ఉన్నాయి, 1937 నాటివి. అది దాటాక గ్రోన్‌లాండ్ మొదలవుతుంది. 1970ల నాటికి పనికోసం వచ్చి స్థిరపడిన పాకిస్తానీల పేట. కందిపప్పు, బాస్మతి, పచ్చిమిరపకాయలు ఉన్న కొట్లు వరుసగా ఉంటాయి. ఓస్లో తెలుగువాళ్లు కూడా సరుకులకు ఇటే వస్తారు. మిల్లులకు పల్లెపిల్లలు వచ్చినట్టే, ఆ తర్వాతి తరానికి వీళ్లు వచ్చారు. ఊరి బరువుపని మోసేవాళ్లు ఎప్పుడూ ఈ ఏటి తూర్పు ఒడ్డునే దిగారు.

వాటర్‌లాండ్ దగ్గర ఏరు నేలలోకి దూరిపోతుంది. రోడ్ల కింద, రైలు పట్టాల కింద గొట్టంలో పారి, బ్యోర్వికా దగ్గర మళ్లీ వెలుతురు చూస్తుంది. ఇది ఒకప్పుడు ఓడరేవు, ఆ తర్వాత హైవే. 2010లో హైవేను సముద్రం కింది సొరంగంలోకి దించేశాక ఒడ్డు జనానికి దక్కింది. 2008లో తెరిచిన ఒపెరా, 2020లో డైక్‌మన్ గ్రంథాలయం, 2021లో ముంక్ మ్యూజియం, మూడూ ఏటి మూతి చుట్టూనే ఉన్నాయి. పైన అద్దె గదిలో అక్క పోయిన పిల్లవాడు చనిపోయేముందు తన చిత్రాలన్నీ నగరానికే రాసిచ్చాడు. వెయ్యికి పైగా చిత్రాలు. ఏరు దిగి వచ్చినవాడికి ఆ పదమూడు అంతస్తుల మ్యూజియం ఎందుకు ఇక్కడ ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్రంథాలయం పై అంతస్తులో చెక్కతో చేసిన చిన్న గది ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. 2014 నుంచి సంవత్సరానికి ఒక రచయిత అక్కడ దాచడానికి రాతప్రతి ఇచ్చి వెళ్తున్నారు, మొదటిది మార్గరెట్ అట్‌వుడ్‌ది. 2114 వరకు ఎవరూ చదవడానికి లేదు. వాటిని అచ్చువేసే కాగితం కోసం నార్డ్‌మార్కాలో వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటారు. మారిదాల్స్‌వాన్నెట్ సరస్సుకు నీళ్లు వచ్చేదీ ఆ నార్డ్‌మార్కా అడవుల నుంచే.

వెళ్లదలిస్తే మే నుంచి సెప్టెంబరు మధ్యలో, ఆదివారం చూసుకుని వెళ్లండి. ట్రామ్ ఎక్కి నేరుగా షెల్సోస్‌లో దిగండి. ఆగకుండా నడిస్తే మూడు గంటలు, బయర్ వంతెన దగ్గరా గ్రూనెర్‌లోక్కాలోనూ నిలబడాల్సినంతసేపు నిలబడితే రోజంతా పడుతుంది. వాన కోటు ఒకటి సంచిలో ఉంచుకోండి. దారి పొడవునా దిగుడే కాబట్టి అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లవచ్చు. అలసిపోతే ఏ వంతెన దగ్గరైనా పక్కకు దిగితే చాలు, ట్రామో బస్సో దొరుకుతుంది.