మెదకులో మానికెడు బియ్యం

మా పిల్లలకు క్రిస్మసు అంటే ఏమిటో తెలుసుననే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. బస్సెక్కిన పావుగంటకే ఆ భ్రమ కాస్తా వదిలిపోయింది.

"నాన్నా, మెదకులో క్రిస్మసు తాత లిఫ్టులో వస్తాడా?" అన్నాడు మా నాలుగేళ్ళవాడు.

హైదరాబాదులో మా ఇంటి దగ్గరి పెద్ద దుకాణంలో వాడు చూసిన తాత లిఫ్టులోంచే దిగాడు మరి. వాడి తప్పేముంది? ఎనిమిదేళ్ళ పెద్దది మాత్రం తనకన్నీ తెలిసినట్టు, "మెదకులో లిఫ్టు లేదురా, చర్చి వుంది" అని సర్దిచెప్పింది.

అది 2024 డిసెంబరు 23వ తేదీ. పదిరోజుల ముందే అమ్మ ఫోనులో గట్టిగా చెప్పింది: "ఈ పండుగకు గుడికి నూరేండ్లు నిండుతయి బిడ్డా. అన్న, నువ్వు, చెల్లె, పిల్లలు అందరు రావాలె. ఒక్కరు ఆగినా నేనూకోను." కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? కాని అన్నయ్యా నేనూ మరొక పని కూడా మనసులో పెట్టుకునే బయలుదేరాము. నాన్న పోయి మూడేళ్ళయింది. నీటికాసుల జబ్బుతో అమ్మకు ఒక కన్ను పోయింది, రెండవది మసక. దసరా వెళ్ళాక వాకిట్లో జారిపడింది కూడా. పండుగ కాగానే ఇంటికి తాళం పెట్టి ఆమెను హైదరాబాదు తీసుకుపోవాలని మేమిద్దరం నిశ్చయించుకున్నాము. ఆ మాట ఆమెతో ఎవరు చెప్పాలన్నదే తేలలేదు.

హైదరాబాదు నుంచి మెదకు సుమారు వంద కిలోమీటర్లు. నర్సాపూరు అడవి దగ్గర చలిగాలి ముఖానికి కొట్టింది. ఆ తరువాత కొల్చారం వచ్చింది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి ఊరు అది. నాన్న ఈ దారిన వచ్చినప్పుడల్లా ఆయన పేరు తలుచుకునేవాడు. నేనూ తలుచుకున్నాను. పిల్లలు వినలేదు. నా చిన్నతనంలో నేను మాత్రం విన్నానా!

ఇంకా కొంత దూరం పోగానే పొలాల మీదుగా గోపురం కనపడింది. దాని ఎత్తు 175 అడుగులు. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మతబోధకుడు 1897లో మెదకు చేరాడు. 1914లో ఈ గుడికి పని మొదలుపెట్టించాడు. అవి మొదటి ప్రపంచయుద్ధపు రోజులు. దానికి తోడు కరవు. ఊరికే అన్నం పెట్టడం కంటె పనిచ్చి తిండిపెట్టడం మేలని ఆయన తలచాడనీ, చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చి ఈ గోడలెత్తి ప్రాణాలు నిలుపుకున్నారనీ ఇక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ళ పని అయ్యాక, 1924 డిసెంబరు 25న గుడిని ప్రతిష్ఠించారు. మెదకును మెతుకుసీమ అంటారు గదా. ఆ గుడికీ మెతుక్కీ అంత దగ్గర చుట్టరికం.

ఆ చుట్టరికం మా ఇంట్లో కూడా వుంది. మా ముత్తాత పన్నెండేళ్ళవాడుగా వున్నప్పుడు తల్లి వెంట వచ్చి ఇక్కడ రాళ్ళు మోశాడు. పొద్దుగూకేసరికి మానికతో గింజలు కొలిచి పోసేవారట. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ముసలాయన నోటి వెంటనే ఆ కథ విన్నది. చేతికి సంపాదన వచ్చాక ఆయన ఒక ఇత్తడి మానిక కొన్నాడు. ఏటా క్రిస్మసునాడు దానితో నిండుగా కొలిచిన బియ్యం వండి, గుడి ఆవరణలో దిగిన ఎవరో ఒక ముఖపరిచయం లేని కుటుంబానికి ఇచ్చి రావాలి. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోరాదు. ఇది బైబిలులో వుందో లేదో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం వుంది.

ఇంటికి చేరేసరికి అన్నయ్యవాళ్ళు, చెల్లెలివాళ్ళు ముందే వచ్చి వున్నారు. పెద్దలం ఏడుగురం, పిల్లలు ఆరుగురు. మరునాడంతా పిండివంటలే. వదినె సకినాలు చుడుతుంటే చెల్లెలు గరిజెలు ఒత్తుతూ కూర్చుంది. పిల్లలకు తలా ఒక పిండిముద్ద ఇచ్చారు. మావాడు చేసిన గరిజె అంచు విడిపోయి, కొబ్బరీ చక్కెరా నూనెలో పడి మాడిపోయాయి. "వాని గరిజె వానికే పెట్టుండ్రి, పండుగపూట ఏడ్వద్దు" అన్నది అమ్మ. వాడు ఆ నల్లటి గరిజెను అందరికీ చూపించి మరీ తిన్నాడు.

సాయంత్రం అన్నయ్య వెదురుబద్దలతో నక్షత్రం కట్టి రంగు కాగితం అంటించాడు. బజారులో కరెంటు నక్షత్రాలు కావలసినన్ని దొరుకుతాయి. అయినా అమ్మ ఒప్పుకోలేదు. దీపం వెలిగించి వేపచెట్టు కొమ్మకు ఎత్తుతుంటే ఆమె కింద నిలబడి చేత్తో కన్ను మరుగు చేసుకుని చూసింది. "ఎరుపేనా?" అని అడిగింది. ఎరుపేనన్నాము.

రాత్రి పదింటికి పాటలవాళ్ళు డోలక్కు, తాళాలతో వాకిట్లోకి వచ్చారు. వెంట దూదిగడ్డం పెట్టుకున్న తాత ఒకడు చిందులు వేస్తున్నాడు. లిఫ్టు తాతకోసం రెండు రోజులుగా కలవరించినవాడు ఈ తాతను చూడగానే కెవ్వుమని వాళ్ళ మేనత్త కొంగులో దూరాడు. ఆ తాత గడ్డం కాస్త దించి, తాను పక్కింటి అన్ననేనని చూపించేదాకా బయటికి రాలేదు.

తెల్లవారుజామున మూడింటికే లేచాము. అంత ముందు పోకపోతే లోపల చోటు దొరకదు. ఆవరణంతా గుడారాలు, దుప్పట్లు, మూడు రాళ్ళ పొయ్యిలు. ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో ముందురోజే వచ్చి అక్కడే వండుకుని పడుకున్నారు. అమ్మను నేనొక చెయ్యి, అన్నయ్యొక చెయ్యి పట్టుకుని నడిపించాము. పిల్లలు నిద్రమొహాలతో మా వెనక నడిచారు.

ఈ గుడికి పేరు తెచ్చినవి రంగుటద్దాల కిటికీలు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు వాటిని రూపొందించాడు. యేసు జననం, సిలువ, ఆరోహణం వాటిలోని ఘట్టాలు. చిత్రమేమంటే, లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి కనపడవు. బయటినుంచి పొద్దు రావాలి. ఆరాధన మొదలైనప్పుడు అవి నల్లటి పలకల్లా వున్నాయి. పాటలయ్యాయి, ప్రసంగమయింది. మావాడు నా భుజం మీద నిద్రపోయాడు. ఆ తరువాత ఎప్పుడో అద్దాలలో నీలం మొదలయింది, దాని వెంట ఎరుపు, ఆ పైన బంగారు రంగు.

"తెల్లారిందా?" అన్నది అమ్మ. "కిటికీల ఏం కనవడుతుంది బిడ్డా?" ఆ ప్రశ్న నన్ను గాదు, నా కూతుర్ని.

అది మునివేళ్ళమీద లేచి చూసింది. "ఒక అమ్మ వుంది నానమ్మా. ఒళ్ళో పాప వుంది. చుట్టూ చాలామంది వున్నారు."

"అందరు వచ్చిండ్రా?"

"అందరూ వచ్చారు."

అమ్మ తల వూపింది. ఆమె అడిగినది కిటికీ సంగతో, మా సంగతో నేను చెప్పలేను. అన్నయ్య మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు.

ఇంటికి రాగానే అమ్మ అర మీదినుంచి మానిక దించి కొంగుతో తుడిచింది. ఎప్పుడూ తానే కొలిచేది. ఈసారి దాన్ని నా కూతురు చేతిలో పెట్టింది. "చేతులతోని ఒత్తకు, గీరకు. పైన గోపురం లేవాలె, గుడి లెక్క" అని చెప్పింది. బగారన్నం వండి, మాంసం కూరతో గిన్నెలకెత్తి, పిల్లలందరం ఆవరణకు పోయాము. పిల్లలందరం అన్నాను గదా, ఆ పూట నేనూ వాళ్ళలో ఒకడినే. ఒక చింతచెట్టు కింద ముసలి దంపతులు, ఇద్దరు మనుమలు కూర్చుని వున్నారు. ఎవరు పంపారని వాళ్ళు అడిగారు. "మా ముత్తాత" అన్నది మా పెద్దది తడుముకోకుండా. నిజానికి వాడి ముత్తాత తండ్రి అనాలేమో గాని, నేను దిద్దలేదు.

భోజనాలయ్యాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక మాట..."

"తెలుసు" అన్నది అమ్మ. "నా చీరెలు కోడలు పెట్టెల సర్దుతుంటె తెలువదా? కన్ను కనవడనిదాన్ని, ఒక్కదాన్ని ఎట్లుంట? వస్త. గని తాళంచెవి నా కొంగుకే వుంటది. ప్రతి క్రిస్మసుకు ఈ తలుపు తెరవాలె. మీరు తెరువకుంటె ఈ పిల్ల తెరుస్తది."

ఏ వాదమైతే జరుగుతుందని రెండు నెలలుగా భయపడ్డామో ఆ వాదం జరగనే లేదు. జరిగివుంటే మాకు కొంచెం తేలికగా వుండేదేమో.

అమ్మ ఇప్పుడు మాతోనే వుంటున్నది. మానిక మా బియ్యం డబ్బాలో వుంది. దాచిపెడదామంటే ఆమె వద్దన్నది. ఇత్తడి వాడకుంటే చిలుమెక్కుతుందట. కనుక రోజూ వంటకు దానితోనే కొలుస్తున్నాము.

మొన్న ఎవరో మావాణ్ణి, "క్రిస్మసు తాత నీకేం తెచ్చాడురా?" అని అడిగారు.

"ఏం తేలేదు. రాళ్ళు మోశాడు" అన్నాడు వాడు.