కలివికోడి పిలిచే వేళ

కడప నుంచి బద్వేలు దారిలో లంకమల కొండల చెంతకు చేరేసరికి పొద్దు గుంకింది. దారి పక్కనే మగ్రిబ్ నమాజు ముగించుకొని, నేనూ మా అబ్బాయీ ఎర్రమట్టి బాటపై చెవులు రిక్కించి నిలబడ్డాము. చుట్టూ ముళ్ళపొదలు, నడుమ గొర్రెలు తొక్కిన బయలు నేల. కలివిపొదల పేరే ఇక్కడి పక్షికి దక్కింది: కలివికోడి.

1900 తరువాత ఇది ఎవరి కంటా పడలేదు. అంతరించినదనే పండితులు తలచారు. 1986 జనవరిలో, సిద్ధవటం దాపున రెడ్డిపల్లె వద్ద పిట్టలు పట్టే ఒక స్థానికుని టార్చిలైటు వెలుగులో సజీవంగా దొరికింది. సాలిం అలీ జీవితమంతా సేవించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ అన్వేషణకు సారథి. 1988లో ఈ అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

"అమెరికాలో సీతాకోకచిలుక వీపున ట్యాగు అంటిస్తున్నారు కదా, దీనికీ అంటించరాదా?" అని అబ్బాయి అడిగాడు. నిజమే, మోనార్క్ సీతాకోకచిలుకలకు 60 మిల్లీగ్రాముల సౌర ట్యాగులు అమర్చి, మెక్సికో దాకా సాగే వాటి వలసను సెల్‌ఫోన్ల సాయంతో అనుసరిస్తున్నారు. కలివికోడి వలసపక్షి కాదు. ఎక్కడికీ పోదు, అయినా కనబడదు! ట్యాగు కట్టాలంటే ముందు చేతికి చిక్కవలె కదా.

అందుకే జగన్నాథన్ అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ వేరొక ఉపాయం పన్నారు. జల్లించిన మెత్తని మట్టిని పొదల మధ్య పట్టీలుగా పరిచి, తెల్లవారాక అడుగుజాడలు వెదికారు. తీతువు జాడలకూ దీని జాడలకూ తేడా పట్టడమే అసలు విద్య. ఎదుట కదిలినదానిని తనంతట తానే ఫొటో తీసే చిన్న కెమెరాలను కూడా అమర్చారు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోటే దీనికి ఇష్టమని ఆ శ్రమ వల్ల తేలింది. పొదలు నరికినా ముప్పే, మేత పూర్తిగా ఆపి చిక్కబడనిచ్చినా ముప్పే. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదల దాకా వచ్చినప్పుడు, పక్షి ఉనికికి ఆధారాలు ఉండబట్టే కాలువ దారి మళ్ళింది. కర్నూలు వైపు రోళ్ళపాడును బట్టమేక పక్షి కోసమే అభయారణ్యం చేశారు. ఏళ్ళుగా అక్కడ ఆ పక్షే లేదు.

సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు, కొద్ది నిమిషాలు మాత్రమే కలివికోడి పిలుస్తుందట. 2025 ఆగస్టులో ఆ పిలుపు మళ్ళీ వినబడినట్లు వార్త వచ్చింది. మాకు కీచురాళ్ళ రొద తప్ప ఏమీ వినబడలేదు. నేను కారు తాళాలు తీశాను.

"అబ్బా, ఇంకో ఐదు నిమిషాలు," అన్నాడు వాడు గుసగుసగా.